బుద్ధుడి అరచేతిలో మేకు గుర్తు

బొమ్మలు చేసేవాళ్లకు దేవుడంటే భయం ఉండదని మా అక్క అంటుంది. భయం ఎలా ఉంటుంది? మొండెం ఒక మూల, తల బల్ల మీద, చేతులు పళ్లెంలో ఆరుతూ ఉంటే ఎవరికి భయపడాలి? అక్క ఒకసారి మా షెడ్డులోకి వచ్చి, ప్లాస్టర్ కలిపే తొట్టి పక్కన ప్రభువు తల ఒక్కటే కనిపించేసరికి, స్తోత్రం స్తోత్రం అనుకుంటూ బయటికి పరుగెత్తింది. మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. అప్పటికి ఆయనకు నవ్వేంత ఊపిరి ఉండేది.

మాది ప్లాస్టర్ బొమ్మల పని. ఆయన పోత పోసేవాడు, నేను రంగులు వేస్తాను. చర్చిలకు యేసు ప్రభువు, విహారాలకు బుద్ధుడు, మేం చేసేవి ఈ రెండే. దేని అచ్చు దానిదే గానీ కుడిచెయ్యి మాత్రం ఇద్దరికీ ఒక్కటే. ప్రభువు దీవించడానికి చెయ్యి ఎత్తుతాడు, బుద్ధుడు భయపడకండి అని ఎత్తుతాడు. అరచెయ్యి అరచెయ్యే కదా, రెండో రబ్బరు అచ్చు ఎందుకు దండగ అని ఆయన వేసిన ఎత్తు అది. ప్లాస్టర్ పచ్చిగా ఉండగానే ప్రభువు అరచేతిలో మేకు గుచ్చి ఒక తిప్పు తిప్పితే గాయం తయారు. అందులో నేను ఎర్ర రంగు వేస్తాను. బుద్ధుడి చేతిని అలాగే వదిలేస్తాం.

"ఇద్దరికీ చెయ్యి ఒకటేనే, మేకు దెబ్బే తేడా," అనేవాడు. "మీ ప్రభువు లోకం బాధంతా తన ఒంటి మీద వేసుకున్నాడు. మా బుద్ధుడు ఆ బాధ ఎక్కణ్ణుంచి వస్తోందో వెతికాడు. నాకు వెతికినవాడే నచ్చాడు."

"వెతికి ఏం చేశాడయ్యా? నీ బరువు తీసి పక్కన పెట్టాడా?"

"లేదు. దారి చూపిస్తా, నువ్వే నడవాలి అన్నాడు."

"దారి చూపించడానికి దేవుడెందుకు? వీధి చివర బోర్డు చాలదూ?"

"ఆయన్ని దేవుడని ఎవరన్నారే నీతో!"

రోజూ ఇదే గోల. చెవి విరిగిందని కొనేవాళ్లు వద్దన్న బుద్ధుడి బొమ్మ ఒకటి అలమరలో ఉండేది. పొద్దున్నే దాని ముందు చేతులు జోడించి నిలబడేవాడు. ఏం అడిగావని అడిగితే ఏమీ అడగలేదనేవాడు. అడగనప్పుడు దండం దేనికని నాకు ఒళ్లు మండేది. చదువు చెప్పిన మాస్టారు ఎదురైతే దండం పెట్టమా, ఏదో ఇస్తాడనా పెడతాం అనేవాడు. నేను మాత్రం అన్నీ అడుగుతాను. రంగు ఆరేదాకా వాన రాకూడదని అడుగుతాను, అక్క నోరు కాసేపు మూతపడాలని కూడా అడుగుతాను. తండ్రి అన్నాక అడగకపోతే ఎలా? వినేవాడు ఒకడున్నాడన్న ధైర్యంతోనే నేను ఇన్నాళ్లూ బతికాను.

ఆయన మొదటి నుంచీ అలా లేడు. పెళ్లయిన కొత్తలో నాతో చర్చికి వచ్చేవాడు, చివరి బెంచీలో కూర్చుని కునికేవాడు. పాప పోయాక మానేశాడు. పాపకు నాలుగేళ్లు. జ్వరం వచ్చింది, తగ్గింది, మళ్లీ వచ్చింది, అంతే. సమాధుల తోటలో అప్పటి పెద్ద పాస్టరు గారు, దేవుడు ఇష్టపడి పిలుచుకున్నాడమ్మా అన్నారు. మునిగిపోయేదానికి గట్టు దొరికినట్టు ఆ మాట పట్టుకున్నాను. ఆయన మాత్రం ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కూర్చుని, "ఇష్టపడి తీసుకున్నాడా? మనం ఇష్టపడలేదా?" అన్నాడు. ఆ తర్వాత నాతో చాలా రోజులు మాట్లాడలేదు.

ఒకరోజు విహారానికి బొమ్మ దింపడానికి వెళ్లి సాయంత్రం దాకా రాలేదు. అక్కడి భిక్షువును, మా పాప ఎందుకు పోయింది అని అడిగాడట. ఆయన కారణాలేమీ చెప్పలేదట. పుట్టినవాళ్లంతా పోతారు, నీ బాధ నిజమే, కాసేపు ఇక్కడ కూర్చో అన్నాడట. ఈయన కూర్చున్నాడు. ఇంటికొచ్చి, చాలా రోజులకు కడుపునిండా అన్నం తిని, "దాన్ని ఎవరూ తీసుకోలేదటే," అన్నాడు.

ఆయన మనసుకు నెమ్మది ఇచ్చిన ఆ మాట నా గుండెలో దిగబడింది. "ఎవరూ తీసుకోకపోతే పాప ఎక్కడుంది మరి?" అన్నాను.

తెలియనిది తెలిసినట్టు చెప్పడం ఆయనకు చేతకాదు. అబద్ధం ఆడనని భిక్షువు ముందు మాట ఇచ్చి, దాన్ని పట్టుకుని వేలాడాడు. ఈ రంగు ఎన్నాళ్లుంటుందని కొనేవాళ్లు అడిగితే, ఎండలో పెడితే ఏడాదికే వెలిసిపోతుందండీ అనేవాడు. పక్కన నిలబడి నేను తల కొట్టుకునేదాన్ని. వ్యాపారం చేసేవాడివా, మన పొట్ట కొట్టేవాడివా అని ఎన్నిసార్లు తిట్టానో.

దగ్గు ఎప్పుడు మొదలైందో ఇద్దరికీ గుర్తు లేదు. ప్లాస్టర్‌లోకి రాకముందు ఆయన రాతి పని చేసేవాడు, మిషన్ పెట్టి రాయి అరగదీసేవాడు. ఆ రాతి దుమ్మంతా లోపల పేరుకుపోయిందన్నాడు డాక్టరు. కడిగేది కాదు, కోసేది కాదు, ఆక్సిజన్ పెట్టుకుని ఉన్నన్నాళ్లు ఉండడమే అన్నాడు. మంచం షెడ్డులో వేయమన్నాడు ఈయన. దుమ్ములోనా అంటే, లోపలికి పోవాల్సిందంతా ఎప్పుడో పోయింది, ఇంక కొత్తగా ఏం పోతుంది అన్నాడు. పని ఆపి, షెడ్డు కడిగించి, గోడ పక్కన మంచం వేశాను. సిలిండరు తలగడ దగ్గర, దగ్గితే ఉమ్మడానికి రంగు డబ్బా ఒకటి కింద.

నా ప్రాణమంతా ఒక్క విషయం మీదే ఉండేది. చర్చి సమాధుల తోటలో పాప పక్కన మా ఇద్దరికీ సరిపడా చోటుంది. సంఘం వాళ్లు దాన్ని అలాగే ఉంచారు. కానీ అక్కడ పెట్టేది నమ్మినవాళ్లనే. ఆయన నమ్మకుండా పోతే, చోటు సంగతి అలా ఉంచండి, ఆ పైన నేను పాపను ఎత్తుకుని నిలబడి, నాన్న ఏడమ్మా అని అది అడిగితే ఏం చెప్పాలి? నవ్వేవాళ్లు నవ్వండి. నాకు పరలోకమంటే ఇంతే, మేం ముగ్గురం ఒకచోట ఉండడం.

"ఒక్క మాట అనయ్యా," అన్నాను ఒక మధ్యాహ్నం, గంజి తాగిస్తూ. "ప్రభువా, నన్ను చేర్చుకో అను. అంతకన్నా ఏమీ వద్దు."

"నమ్మకుండా అంటే అబద్ధం కదే."

"అయితే అయింది! నా కోసం ఒక్క అబద్ధం ఆడలేవా?"

గ్లాసు పక్కకు నెట్టి, ఊపిరి కూడగట్టుకుని అన్నాడు. "నీకు ఇంతవరకూ ఒక్కటీ చెప్పలేదు. పోయే ముందు మొదలుపెట్టమంటావా?"

గ్లాసు తొట్టిలో విసిరికొట్టాను. బయటికి వెళ్లి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి, మిగతా గంజి మళ్లీ వేడిచేసి తాగించాను. తాగాడు. తాగి, "కోపం వస్తే గంజి బాగా కాస్తావే నువ్వు," అన్నాడు. ఏం మనిషి!

భిక్షువు అప్పుడప్పుడూ వచ్చి మంచం పక్కన మౌనంగా కూర్చునేవాడు. ఒకసారి ఆయన చెప్పులేసుకుంటుంటే గుమ్మం దగ్గర ఆపాను. "భంతే, చనిపోయాక మేం మళ్లీ కలుస్తామా?"

"అమ్మా, మీకు నచ్చే జవాబు చెప్పొచ్చు. కానీ అది నాకు తెలిసిన సంగతి కాదు," అన్నాడు.

వీళ్లందరికీ నిజం జబ్బు పట్టుకుందనుకున్నాను. వెళ్లిరండి అని కూడా అనలేదు.

విహారం వాళ్ల పెద్ద బుద్ధుడు అప్పటికి సగంలో ఉన్నాడు. ఈ ఒక్కటీ పూర్తి చేస్తానని ఈయన పంతం. మొండెం, తల ముందే పోసి పెట్టాడు. చేతులు మాత్రం మంచం మీదే, ఒళ్లో పళ్లెం పెట్టుకుని చేశాడు. చర్చికి ఇవ్వాల్సిన ప్రభువు చేతులు కూడా అదే కొలత, అదే పళ్లెంలో ఉన్నాయి. వరసగా మేకు గుచ్చుకుంటూ పోయాడు. నేను కుంచెలు కడుగుతున్నాను, చూడలేదు. ఆరాక, బుద్ధుడికి బిగించాల్సిన చెయ్యి ఆయనే తీసి ఇచ్చాడు. దాన్ని మణికట్టు దగ్గర పట్టుకుని బిగించాను, అరచెయ్యి మంచం వైపు ఉంది. పట్టు వదిలి వెనక్కి వచ్చాక ఇద్దరం ఒకేసారి చూశాం.

బుద్ధుడి అరచేతిలో మేకు గుర్తు.

"ఓరి నాయనో!" అన్నాడు. నవ్వు వచ్చింది, దాని వెనకే దగ్గు వచ్చింది, మొహం నల్లబడింది. నేను వీపు రాస్తూ ఉన్నాను. తేరుకుని, కళ్లు తుడుచుకుని, "బుద్ధుడికి మేకు కొట్టేశానే! చేతికి అలవాటైపోయింది. ఇవాళే పూడ్చెయ్," అన్నాడు.

"రేపు పూడుస్తాలే."

"నువ్వు రేపు అంటే ఎప్పుడో."

నిజంగానే మర్నాడు పూడ్చలేదు, ఆ తర్వాతా పూడ్చలేదు. చిటికెడు ప్లాస్టర్ పని. ఆ పక్కగా వెళ్లినప్పుడల్లా చూసేదాన్ని. రెప్పలు దించుకున్న ఆయన బుద్ధుడు, చేతిలో నా ప్రభువు గాయం. ఆ షెడ్డులో మేమిద్దరం ఒక్కటైన చోటు అదొక్కటే అనిపించేది. పొరపాటని నాకు తెలుసు. అయినా చూసుకోవాలనిపించేది. ఈయన మాత్రం కనిపెట్టినప్పుడల్లా, "పూడ్చలేదా ఇంకా?" అనేవాడు.

అక్క ఆగలేకపోయింది. నేను మందుల షాపుకు వెళ్లొచ్చేసరికి ఆయన జుట్టు, తలగడ తడిసి ఉన్నాయి. అక్క చేతిలో చెంబు ఉంది. పెదవులు ఇంకా ఆడుతున్నాయి.

"ఏం చేశావే?"

"చెయ్యాల్సింది చేశాను. మరిది నిద్రలో ఉన్నాడు, ఏమీ తెలీదు. తండ్రి పేరున, కుమారుడి పేరున నీళ్లు పోశాను. ఇంక నీకు బెంగ లేదు పో."

"ఆయన చేత ఒక్క మాట అనిపించలేక నేను చస్తుంటే, చెంబెడు నీళ్లతో తేల్చేశావా? నడువు ఇక్కణ్ణుంచి!" అన్నాను. చెంబు లాక్కుని బయటికి గిరాటేశాను. కానీ నా లోపల ఒక మూల, అమ్మయ్య, అయిందిలే అనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

అక్క వెళ్లాక ఆయన కళ్లు తెరిచాడు. నిద్రపోనేలేదు.

"చల్లగా ఉంది," అన్నాడు. "వదిన్ని ఏమీ అనకు. ప్రేమతోనే పోసింది." తల తుడుస్తుంటే నా చెయ్యి పట్టుకున్నాడు. "కానీ నేను ఒప్పుకోలేదని నీకు తెలియాలి. తర్వాత ఎవరైనా అడిగితే అదే చెప్పు."

"నోర్ముయ్," అన్నాను. "ముందు తల తుడవనీ."

ఆయన పోయింది ఆదివారం పొద్దున, చర్చి గంట కొట్టే వేళకు. ప్రశాంతంగా, ఊపిరిని గమనించుకుంటూ పోవాలని ఆయన ఆశ. నా పక్కన గట్టిగా ప్రార్థన చేయకు, ఏడవకు, నాతో పాటు ఊపిరి పీల్చు చాలు అని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఎక్కడి ప్రశాంతం? గమనించడానికి ఊపిరంటూ ఆడితే కదా. ఒడ్డున పడ్డ చేపలా కొట్టుకున్నాడు. నా మణికట్టు మీద ఆయన గోళ్లు దిగాయి. కళ్లు ఇంతింత చేసి నా మొహంలోకే చూశాడు. ఆ చూపులో బుద్ధుడూ లేడు, ప్రభువూ లేడు, ఒట్టి భయమే ఉంది. నేను పీల్చాను, వదిలాను, మళ్లీ పీల్చాను. లోపల మాత్రం, ప్రభువా ప్రభువా అని గొంతు చించుకుని అరుస్తున్నాను. పైకి ఒక్క అక్షరం రానివ్వలేదు. అలా ఎంతసేపు గడిచిందో, ఇద్దరిలో నా ఊపిరే మిగిలింది. రెప్పలు నేనే మూశాను. ఒకటి పూర్తిగా పడలేదు.

అందరికన్నా ముందు అక్క వచ్చింది. నన్ను పట్టుకుని ఏడ్చింది. మా అక్క ఏడుపు దొంగ ఏడుపు కాదు, మరిది అంటే దానికి ప్రాణమే. ఏడ్చి తలెత్తేసరికి ఎదురుగా బుద్ధుడు కనిపించాడు. లేచి దగ్గరికి వెళ్లింది. అరచేతి మీద వేలు పెట్టి చూసింది.

"ఇదేంటే? ఎవరు చేశారు?"

"ఆయనే."

అక్క మోకాళ్ల మీద కూలబడింది. "స్తోత్రం, స్తోత్రం! నోటితో చెప్పడానికి మొహమాటపడి చేత్తో చెప్పాడే! బుద్ధుడి చేతిలో ప్రభువు గాయం పెట్టాడంటే ఇంకేం సాక్ష్యం కావాలి?" అంటూనే ఫోను తీసింది.

నాకు నోరు పెగల్లేదు. పెగల్లేదు అనడం కన్నా, పెగల్చలేదు అనాలి.

ఆరాధన ముగియగానే పాస్టరు గారు వచ్చారు. పెద్ద పాస్టరు గారి తర్వాత వచ్చినాయన, మంచి మనిషి. చెడ్డవాడైతే నాకు సులువయ్యేది. మా ఆయన శవం పక్కన మోకాళ్లూని, తర్వాత బొమ్మ దగ్గరికి వెళ్లి, ఆ చేతి వంక చూస్తూ ఉండిపోయారు.

"అమ్మా," అన్నారు నా దగ్గరికి వచ్చి. "నిద్రలో నీళ్లు పోస్తే అది బాప్తిస్మం కాదు, అక్కగారికి ఆ మాటే చెప్పాను. కానీ చివర్లో ఆయన మనసు తిరిగిందేమో, అది మీకే తెలియాలి. ఈ చెయ్యి చూస్తే నాకూ అలాగే అనిపిస్తోంది. మీరు అవును అనండి, చాలు. పెద్దల్ని నేను ఒప్పిస్తాను. సాయంత్రం పాప పక్కనే పెడదాం."

అక్క నా భుజం నొక్కింది. "చెప్పవే."

ఇన్ని నెలలు ఆయన్ని ఒక్క మాట కోసం పీడించాను. ఇప్పుడు ఆ ఒక్క మాట నా నాలుక మీదకు వచ్చి కూర్చుంది. అవును అంటే చాలు. పాప పక్కన ఆయన, ఆయన పక్కన రేపు నేను. ఆయనకేం తెలుస్తుంది? ఆయన లెక్కలో ఆయన ఇప్పుడు ఎక్కడా లేడు. నా లెక్కలో ఉన్నాడు. ఉంటే వింటాడు. అక్కడే నేను చిక్కుకుపోయాను.

మంచం వైపు చూశాను. ఆ సగం రెప్ప అలాగే ఉంది.

"లేదు పాస్టరు గారూ," అన్నాను. "ఆయన నమ్మలేదు. ఆ చెయ్యి పొరపాటు. పూడ్చమని నాతో చాలాసార్లు చెప్పాడు. నేనే పూడ్చలేదు."

పాస్టరు గారు తల దించుకున్నారు. "నిజంగా చెప్తున్నారా అమ్మా? బాగా ఆలోచించుకోండి."

"చాలా ఆలోచించానండీ. ఇన్ని నెలలూ ఆలోచించాను."

"పిచ్చిదానా!" అక్క నన్ను పట్టుకుని కుదిపేసింది. "చచ్చాక కూడా మొగుణ్ణి దూరం చేసుకున్నావే! రేపు పాపకేం చెప్తావే?"

"నాన్న అబద్ధం ఆడలేదని చెప్తాను," అన్నాను. చెప్తుంటేనే ఏడుపు ముంచుకొచ్చింది. ఆయన పోయినప్పటి నుంచీ బిగబట్టుకున్నదంతా అప్పుడు బయటపడింది. ఒట్టు తీరిపోయింది కదా, గట్టిగానే ఏడ్చాను.

కరెంటు దహనవాటికలో పని తొందరగా అయిపోయింది. భిక్షువు వచ్చి రెండు ముక్కలు చదివాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. పాస్టరు గారు గేటు బయట నిలబడ్డారు, లోపలికి రాలేదు, వెళ్లిపోనూ లేదు. అక్క ఇంటి నుంచే కదల్లేదు. పాప పక్కన రెండు చోట్లలో ఒకటి ఇంక ఎప్పటికీ ఖాళీయే.

ఇంటికి వచ్చి స్నానం చేసి షెడ్డులోకి వెళ్లాను. ఎండ ఇంకా కిటికీలోంచి పడుతోంది. మంచం ఎవరో ఎత్తి గోడకు నిలబెట్టారు. గిన్నెలో గుప్పెడు ప్లాస్టర్ వేసి, నీళ్లు పోసి కలిపాను. బుద్ధుడి అరచేతి గుంటలో దాన్ని నింపి, బొటనవేలితో అదిమి పట్టుకున్నాను. గట్టిపడేటప్పుడు ప్లాస్టర్ వెచ్చబడుతుంది, ఒంట్లో వెచ్చదనంలాగే ఉంటుంది. ఆ వెచ్చదనం పోయేదాకా వేలు తియ్యలేదు.

"పూడ్చానయ్యా," అన్నాను. "చాలా?"

అక్కడే, బుద్ధుడి చెయ్యి పట్టుకునే, నా ప్రభువును పిలిచాను. ఎప్పటిలా అడిగాను. అడగకుండా దండం పెట్టడం నాకు రాదు.

"ప్రభువా, అంతా చూశావు కదా. వాడు నిన్ను మోసం చెయ్యలేదు, నన్నూ మోసం చెయ్యలేదు. లోపలికి రానిస్తే నీ దయ. రానివ్వకపోతే, పాపను నువ్వే ఎత్తుకో. నన్ను మాత్రం వాడితో పాటు బయటే ఉండనీ."